ముద్ద తిన్న పిల్లకు జబ్బు లేదన్నాను

కాలేజీలో నర్సుగా కొత్తగా చేరే ఆడపిల్లలూ, ఇది మీకోసం చెబుతున్నాను. నేను నర్సును కాను. ఆడపిల్లల కాలేజీలో, ఆరోగ్యం గదిలో ఇరవై ఏళ్లు ఆయాగా చేశాను. మంచం మీద దుప్పటి మార్చడం, బకెట్లు కడగడం, వాంతులు తుడవడం, నర్సమ్మ భోజనానికి పోతే తలుపు దగ్గర కూర్చోవడం, ఇవీ నా పనులు. చదువంటారా, నా పేరు రాస్తాను. బస్సు మీద బూదికోట అనో వేమగల్ అనో ఉంటే కూడబలుక్కుని చదువుతాను. అంతే. ఇప్పుడు నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఆమెది పలమనేరు వైపు, తెలుగు బడిలో చదివింది. నా మోటు మాటలు కొంత దిద్దుతానంది. మాటలు దిద్దుకో, విషయం మాత్రం దిద్దవద్దు అన్నాను.

విషయం ఏమిటంటే, నా తెలివి వల్ల ఒక పిల్లకు ప్రాణం మీదికి వచ్చింది. ఒక మంచి నర్సు ఉద్యోగం వదిలి పోయేదాకా వచ్చింది. నేను రిటైరు కావడానికి ఏడాది ముందు జరిగింది ఇది.

మా ఆయన ఇక్కడి బంగారు గనిలో అడుగు దాకా దిగి పనిచేసిన మనిషి. గని మూసేశాక రెండేళ్లు దగ్గి దగ్గి పోయాడు. ఆ మరుసటి ఏడే నేను కాలేజీలో చేరాను. నేను చేరినప్పటి నుంచి ఆ గదికి తొమ్మిది మంది నర్సులు వచ్చారు, తొమ్మిది మందీ పోయారు. వాళ్లు పనికిరాని వాళ్లు కాదు. ఆసుపత్రిలో నేర్చిన పని ఇక్కడ సరిపోక పోయారు. ఆసుపత్రిలో రోగి మంచం మీద ఉంటాడు, వాడి రోగం ఏమిటో కాళ్ల దగ్గర అట్ట మీద రాసి వేలాడుతూ ఉంటుంది. కాలేజీలో పిల్ల నడిచి వస్తుంది. తలనొప్పి అంటుంది. అది తలనొప్పే కావచ్చు. ఆరింటి బస్సు కోసం ఏమీ తినకుండా పరుగెత్తుకు రావడం కావచ్చు. గాలి కాలంలో గని వాళ్లు పోసిన సైనైడు మట్టి దిబ్బల మీద నుంచి లేచే దుమ్ము కావచ్చు. ఇంట్లో ఎవరో పెళ్లిచూపులకు వస్తున్నారని కావచ్చు. తొమ్మిది మందిలో ఒకామె నాతో అంది, ఇక్కడ రోగులే లేరు, అందరూ బాధపడుతున్నారు, నేనేం చేయాలి అని. నెల తిరక్కముందే వెళ్లిపోయింది.

తొమ్మిదో ఆమె పోయిన రోజు ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిపించింది.

"ఆయమ్మా, ఇంగొక్కరిని తెస్తా ఉండాను. ఆమె కూడా నిలవకపోతే గది మూసేస్తాము. ఆఫీసులో మందుల డబ్బా ఒకటి పెడితే సరిపోతాది."

"మరి నేను మేడం?"

"లైబ్రరీలో కసువు ఊడ్చే పనుండాది. ఏడాది అక్కడ చేసి రిటైరు అయిపో."

కసువు ఊడ్చడానికి నాకేం బాధ లేదు. కానీ డబ్బా దగ్గర కూర్చుని ఏ పిల్ల ఏడుస్తుంది? అందుకే రాబోయే నర్సును ఎట్లాగైనా నిలబెట్టాలని పట్టుబట్టాను. మేడం అన్న మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.

వచ్చింది. కుప్పం వైపు పిల్ల, పాతికేళ్లు ఉంటాయేమో. బెంగళూరులో పెద్ద ఆసుపత్రి ఐసీయూలో రెండేళ్లు చేసింది. రాత్రి డ్యూటీలు ఒంటికి పడక ఇటు వచ్చింది. రాబర్ట్‌సన్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకుంది. మొదటి రోజే బల్ల తుడుచుకుని, బీపీ మిషను, థర్మామీటరు, రిజిస్టరు వరసగా పేర్చుకుని కూర్చుంది. పది గంటలకు ఒక పిల్ల తలుపు దగ్గర నిలబడింది.

"రా, రా. ఏమి ఇబ్బంది?"

"ఏం లేదు సిస్టర్..."

"ఏం లేకుండా వస్తావా? కూర్చో."

బీపీ చూసింది. నాడి పట్టింది. నాలుక కింద థర్మామీటరు పెట్టింది. కళ్ల కింద రెప్పలు లాగి చూసింది. రాత్రి ఏం తిన్నావు, నెలసరి ఎప్పుడు వచ్చింది, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని అడిగి అంతా రాసుకుంది. చివరికి పిల్ల ముఖం వాడిపోయింది.

"సిస్టర్, నాకు ఏమైనా రోగం ఉండాదా?"

"నువ్వే కదమ్మా చెప్పాల."

"నేను పిన్ను కోసం వచ్చినాను. చుడీదారు కుట్టు ఊడిపోయింది."

నేను నా కొంగు పిన్ను తీసి ఇచ్చి పిల్లను పంపించాను. సిస్టరు తల పట్టుకుని కూర్చుంది.

"ఇట్లాంటివి యా బుక్కులో ఉంటాయి ఆయమ్మా?"

"బుక్కులో యాడ ఉంటాయి? నాతో ఉండు, నీకే తెలుస్తాది."

అయినా సిస్టరు బుక్కులు వదిలే రకం కాదు. మధ్యాహ్నం పూట ఫోనులో వెతికేది. పరాయి దేశాల కాలేజీల్లో నర్సులకు బోలెడు పాఠాలు ఉన్నాయట. చేరబోయే పిల్లలు ఏ సూదులు వేయించుకున్నారో ముందే కాగితం తేవాలట. దిగులుగా ఉన్న పిల్లతో ఎట్లా మాట్లాడాలో కూడా రాసి ఉందట. ఇవన్నీ నాకు చదివి తెలుగులో చెప్పేది. ఒకరోజు ఇలా అంది.

"పిల్ల మనతో చెప్పింది ఇంగెవురికీ చెప్పకూడదంట ఆయమ్మా. అమ్మానాయనలక్కూడా పిల్లను అడిగే చెప్పాలంట."

"నేను ఎవురికి చెప్పినాను?"

"పోయిన నెల వరండాలో ఆ సైన్సు పిల్లను చూసి ఏమని అరిచినావు?"

నిజమే. "ఏమే, నీ తెల్లబట్ట తగ్గిందా?" అని అరిచాను. వరండా నిండా పిల్లలున్నారు. ఇరవై ఏళ్లుగా అది నా ప్రేమ అనుకున్నాను. ఆ పిల్ల మళ్లీ ఎందుకు మా గదికి రాలేదో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి నా గొంతు తగ్గించాను. ఆమె తలుపుకు తెర కట్టించింది.

అట్లా ఆమె దగ్గర నేను ఒకటి నేర్చుకుంటే, నా దగ్గర ఆమె నాలుగు నేర్చుకుంది. ఎవరు ఏ బస్సుకు వస్తారు, శనివారం ఎవరు ఒక్కపొద్దు ఉంటారు, హాస్టల్లో ఏ రోజు టిఫిను బాగుండదు, ఇవన్నీ చెప్పాను. అన్నీ ఒక ఫైల్లో రాసుకునేది. మేడం ఆ ఫైలు చూసి ముచ్చటపడింది. మా యాజమాన్యానికే ఇంకో రెండు కాలేజీలున్నాయి. అక్కడికి కొత్త నర్సులను తీసుకుంటున్నారట. ముందు వారం రోజులు మీ దగ్గర కూర్చోబెడతాను, ఈ ఫైలే వాళ్లకు పాఠం అంది. సిస్టరు ఉబ్బిపోయింది. ఆమె కంటే నేనెక్కువ ఉబ్బిపోయాను. అక్షరం రాని దాని మాటలు ఫైలెక్కాయి మరి.

ఆ ఫైల్లో నాకు బాగా ఇష్టమైన పేజీ ముద్ద పరీక్ష.

అది నేను కనిపెట్టిందే. టెస్టులు ఉన్న రోజు పొద్దున నలుగురైదుగురు కడుపునొప్పి అంటూ వస్తారు. ఎవరిది నిజం, ఎవరిది భయం? నేను నా టిఫిను డబ్బా తెరుస్తాను. రాగి ముద్ద, అందులోకి సారు, మీరు పులుసు అంటారు. కడుపులో నిజంగా జబ్బుంటే తిండి వాసనే పడదు. భయమైతే వాసన తగలగానే ఆకలి లేస్తుంది. చలికాలంలో అవరెకాయలు, అదే అనపకాయలు, వచ్చినప్పుడు నేను గింజలు నానబెట్టి తొక్క తీసి పితికిపప్పు సారు చేసుకుని తెచ్చేదాన్ని. ఆ రోజుల్లో నా పరీక్షకు తిరుగు లేదు.

సిస్టరు చూస్తుండగానే ఒకసారి చేసి చూపించాను. కామర్సు పిల్ల ఒకతె మంచం మీద మెలికలు తిరుగుతోంది. నేను బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీశాను.

"ఇంత తింటావా?"

"వద్దు ఆయమ్మా, వాంతొస్తాది. చచ్చిపోతా ఉండాను."

"సరే, నువ్వు సచ్చిపో, నేను తింటాను."

రెండు ముద్దలు మింగాను. మంచం మీద చప్పుడు తగ్గింది.

"పితికిపప్పా ఆయమ్మా?"

"ఊఁ."

"టెంకాయ వేసినావా?"

"వేసినాను."

లేచి కూర్చుంది. నా డబ్బా ఖాళీ చేసింది. చేయి కడుక్కుని పోయి టెస్టు రాసింది. సిస్టరు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆ సాయంత్రమే ఫైల్లో రాసుకుంది. "ఇది ఎప్పుడైనా తప్పిందా ఆయమ్మా?" అని అడిగింది. "ఒక్కసారి కూడా తప్పలా" అన్నాను, ఛాతీ విరుచుకుని. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. తప్పి ఉంటే ఆ పిల్ల ఇంటికి పోయి, అక్కడి నుంచి ఆసుపత్రికి పోయి ఉంటుంది. నాకు వచ్చి ఎవరు చెబుతారు?

ఆ చలికాలంలోనే, టెస్టు రోజున, రెండో ఏడు చదివే పిల్ల ఒకతె వచ్చింది. బూదికోట దగ్గర పల్లె. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు. మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉండే పిల్ల. అంతకు ముందు ఎప్పుడూ మా గదికి రాలేదు. ఇక్కడే మీరు చెవి పెట్టాలి. ఎప్పుడూ రాని పిల్ల వచ్చిందంటే అదే ఒక గుర్తు. ఆ రోజు నాకు తట్టలేదు.

"కడుపు నొస్తా ఉండాది సిస్టర్."

"యాడ?"

బొడ్డు చుట్టూ చేయి తిప్పి చూపించింది. సిస్టరు లేచింది. "పండుకో, కడుపు చూస్తాను" అంది. నేను డబ్బా చేతిలో పట్టుకుని అడ్డం వచ్చాను.

"ఉండు సిస్టరమ్మా. ముందు నా పరీక్ష కానీ."

మూత తీసి పిల్ల ముందు పెట్టాను. పిల్ల నా ముఖం చూసింది, డబ్బా చూసింది. ఏమీ అనకుండా ముద్ద తుంచి సారులో ముంచి మింగింది. ఇంకోటి. ఇంకోటి. సగం ముద్ద తినింది. మెల్లగా తినింది, వంచిన తల ఎత్తలేదు. నేను సిస్టరు వైపు చూసి కన్ను గీటాను.

"కడుపు నొక్కి చూస్తాను ఆయమ్మా, ఒక్క నిమిషం."

"ఏం వద్దు. సుమ్నే ఊరికే యాల పిల్లను బెదిరిస్తావు? తినింది కదా. భయం, అంతే."

సిస్టరు ఒక క్షణం నిలబడింది. తర్వాత కూర్చుంది. థర్మామీటరు కూడా పెట్టలేదు. పరీక్ష భయం, విశ్రాంతి ఇచ్చాము అని రిజిస్టరులో రాసింది. నేను వేడినీళ్ల సంచి తెచ్చి పిల్ల పొట్ట మీద పెట్టాను. అరగంట తర్వాత, తగ్గిందా అంటే తల ఊపింది. పోయి టెస్టు రాసుకో తల్లీ అని పంపించాను. వీపు మీద ఒకటి తట్టాను కూడా.

ఒంటి గంటకు డబ్బా కడగడానికి కొళాయి దగ్గరికి పోయాను. పక్కనే మేడ మెట్లు. పైనుంచి పిల్లలంతా ఉరుకుతూ దిగి వెళ్లిపోయారు. తర్వాత ఆ పిల్ల వచ్చింది. ఒక మెట్టు దిగుతుంది, ఆగుతుంది. కుడి పక్కన పొట్ట మీద చేయి. కొంచెం వంగి నడుస్తోంది. తనను నేను చూస్తున్నానని ఆమెకు తెలియదు. భయంతో కడుపునొప్పి తెచ్చుకున్న పిల్ల, టెస్టు అయిపోయాక, ఎవరూ చూడనప్పుడు అట్లా దిగదు. నా చేతిలో డబ్బా జారి మోరీలో పడింది. పిల్ల చివరి మెట్టు దిగి, గోడ పట్టుకుని, తిన్నదంతా కక్కుకుంది.

పరుగెత్తి పట్టుకున్నాను. ఒళ్లు వేడిగా ఉంది.

"నొప్పుంటే యాల తిన్నావే తల్లీ?"

"మీరు పెడితిరి కదా ఆయమ్మా." ఆ నొప్పిలో కూడా నెమ్మదిగానే చెప్పింది. "మీ టిఫినే తీసి పెడితిరి. పెద్దోళ్లు పెట్టింది వద్దనకూడదని మాయమ్మ చెప్పింది."

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు ఒక్కసారైనా తట్టలేదు. మర్యాద తెలిసిన పిల్ల ఎంత నొప్పి ఉన్నా తింటుందని. మా ఇళ్లలో పిల్లలను అట్లాగే పెంచుతాం. నేను కూడా నా పిల్లలను అట్లాగే పెంచాను.

సిస్టరును కేకేశాను. ఆమె వచ్చిన తీరు నేను ఇప్పటికీ మరవను. అప్పటిదాకా నా వెనకాల తిరిగిన పిల్ల కాదు ఆమె. మంచం మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా నొక్కుతూ వచ్చింది. కుడి పక్క కింద నొక్కి చేయి వదలగానే పిల్ల కెవ్వుమంది.

"నొప్పి మొదట యాడ ఉన్నింది?"

"బొడ్డు కాడ. రాత్రి నుంచి. ఇప్పుడు ఇక్కడికొచ్చింది."

"దగ్గు, ఒకసారి."

దగ్గలేకపోయింది. జ్వరం చూసింది. నేను నీళ్ల గ్లాసు తీసుకుని వస్తే కళ్లురిమింది.

"చుక్క కూడా వద్దు. ఆపరేషన్ కావాల్సొస్తాది. వేడినీళ్ల సంచి కూడా తీసి అవతల పెట్టు. మేడంకు చెప్పి కారు తెప్పించు. వాళ్లింటికి ఫోను చేయించు. పో ఆయమ్మా, నిలబడొద్దు!"

పోయాను. మేడం కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలో గుంట వచ్చినప్పుడల్లా పిల్ల నా చేయి పిసికేది. ఒక్కో గుంటకు నన్ను నేను ఒక్కో బూతు తిట్టుకున్నాను. వాటిని కోడలు రాయనంటోంది.

ఆపరేషన్ చేసే డాక్టరు అడిగిన మొదటి మాట, చివరిగా ఏం తినింది, ఎప్పుడు తినింది అని. సిస్టరు నిలబడి, పదిన్నరకు సగం రాగి ముద్ద, ఒంటిగంటకు వాంతి అని చెప్పింది.

"కడుపునొప్పి అన్న పిల్లకు ముద్ద పెట్టినారా! ఎవరు?"

"నేను సార్" అంది సిస్టరు.

"ఆమె కాదప్పా, నేను" అన్నాను. "నొప్పి నిజమా కాదా అని తెలుసుకుందామని పెట్టినాను."

డాక్టరు నా వైపు తిరిగాడు. "స్కానింగు మిషన్లు ఎందుకు తెప్పించుకుంటిమో. ఒక ముద్ద, గిన్నెడు సారు పెట్టుకుంటే సరిపోయేది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను తల దించుకున్నాను. ఆ పిల్ల బతికితే చాలు, ఎంతైనా నవ్వుకోనీ అనుకున్నాను.

తిన్నది కడుపులో మిగిలి ఉంటే మత్తు ఇవ్వడం ప్రమాదమట. సెలైను పెట్టి, సూదులు వేసి సాయంత్రం దాకా ఆగారు. ఆ ఆగిన ప్రతి గంటా నేను పెట్టిన ముద్ద వల్లనే. పిల్ల నాయన మోపెడ్డు మీద వచ్చాడు. చొక్కాకు మల్బరీ ఆకు ముక్క అంటుకుని ఉంది. పురుగులు గూళ్లు కట్టే రోజులు, ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపదు. అందుకే రాత్రంతా నొప్పి ఉన్నా పిల్ల ఇంట్లో చెప్పకుండా బస్సెక్కింది. ఆయన ముందు నిలబడి జరిగింది చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను.

"ముద్ద తినిందా?" అన్నాడు.

"సగం."

"నొప్పిలో కూడానా?" ఆయన చొక్కా మీది ఆకు ముక్క తీసేసుకుంటూ నవ్వాడు. "ఇంట్లో మేము పెడితే ముక్కుతా తింటాది. మీ సారు బాగున్నట్టుండాది."

ఆయన అట్లా నవ్వకుండా నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆరు దాటాక డాక్టరు బయటికి వచ్చాడు. అపెండిక్స్ పేగు ఉబ్బి పగలడానికి సిద్ధంగా ఉండిందట. పగలక ముందే తీసేశారు. పిల్లకు భయం లేదు. సిస్టరు అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను.

సోమవారం పొద్దున గదికి పోయేసరికి సిస్టరు బల్ల దగ్గర కాగితం రాస్తోంది.

"ఏందది?"

"మేడంకు ఇచ్చేది. నేను పోతాను ఆయమ్మా."

"యాడికి?"

"బెంగళూరికే. అక్కడ మిషను కూత పెడితే లేస్తాను. ఇక్కడ కూత పెట్టే మిషను లేదు."

"నేను లేనా కూత పెట్టేదానికి?"

ఆమె కలం కింద పెట్టింది. "నువ్వే కదా ఆ పొద్దు వద్దనింది! కడుపు నొక్కి చూస్తానంటే అడ్డం నిలబడింది నువ్వు కాదా? నాకు తెలుసు ఆయమ్మా, చూడాలని. రెండేండ్లు అదే పని చేసినాను. నీ మాట విని కూర్చున్నాను. నాది తప్పు."

అంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. నువ్వు పోతే గది మూసేస్తారు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట చెప్పి ఆమెను కట్టేస్తే, ఆ రోజు కడుపు చూడనీయకుండా అడ్డం నిలబడ్డట్టే ఇది కూడా.

"ఇప్పుడన్నావు చూడు, అదే రాయి" అన్నాను.

"ఏం రాయాల?"

"ఆయమ్మ వద్దనింది, నేను విన్నాను, పిల్లకు ముప్పు వచ్చింది అని. ఫైల్లో, మొదటి పేజీలో. ముద్ద పరీక్ష పేజీ పీకేసేయ్."

"ఇరవై ఏండ్ల నీ పేరు పోతాది ఆయమ్మా."

"నాకు పేరు యాడ ఉండాది? ఇరవై ఏండ్లుగా ఎవురైనా నన్ను పేరు పెట్టి పిలిచినారా? రాయి. నువ్వు పోయినా రేపు ఇంగొకరు వస్తారేమో. నేనింగా ఏడాది ఉంటాను ఈడ. ఆమెకు కూడా నేను అన్నీ తెలిసిన దాని మాదిరే చెప్తాను. నన్ను ఎవురు ఆపుతారు?"

ఆమె ముక్కు తుడుచుకుంది. ఏడుస్తూనే నవ్వింది. చేతిలో ఉన్న కాగితాన్నే వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. కడుపునొప్పి అన్న పిల్ల పొట్ట మీద ముందు మన చేయి పడాలి. జ్వరం చూడాలి. నాలుగడుగులు నడిపించి చూడాలి. చూసేదాకా తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకూడదు, వేడి పెట్టకూడదు. గంట తర్వాత మళ్లీ చూడాలి. మర్యాద గల పిల్ల బాధను దాచుకుంటుంది. ఎవరైనా సరే, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా సరే, చూడవద్దు అంటే వినకూడదు. ఆ చివరి మాట నేను చెప్పి రాయించాను. ఆ రోజు రిజిస్టరులో ఏం రాసిందో అది కూడా కొట్టివేయకుండా అట్లాగే ఎక్కించింది.

ఇద్దరం మేడం దగ్గరికి పోయాం. మేడం కాగితం ఒక వైపు చదివింది. తిప్పి రెండో వైపు చదివింది.

"రెండు పక్కలా ఉండాది. దీంట్లో నాకు ఇచ్చేది ఏది?"

సిస్టరు నిలబడింది. నేను ఒక్క మాట కూడా సాయం చేయలేదు.

"ఈ పక్క, మేడం. ఫైల్లో మొదటి పేజీ."

మేడం కళ్లజోడు తీసింది. "కొత్త వాళ్లకు ఇచ్చే ఫైల్లో మన తప్పు ఎందుకమ్మా? బయటికి పోతే కాలేజీకి చెడ్డపేరు."

అప్పుడు నేను నోరు తెరిచాను. "మంచివన్నీ బుక్కుల్లో ఉండాయి మేడం. సిస్టరు ఫోనులో కూడా ఉండాయి. మేము చేసిన తప్పు యా బుక్కులో ఉండాది? మేము రాయకపోతే ఆ పిల్లలు మళ్లీ మొదటి నుంచి చేసి నేర్చుకోవాల. ఇంగొక పిల్ల కడుపు మీద."

మేడం కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. తర్వాత, ఫైలుకు శుభ్రంగా వేరే కాగితం మీద రాయి, ఎవరి పేర్లూ లేకుండా రాయి అంది. ఈ కాగితం మాత్రం నా దగ్గరే ఉండనీ అని సొరుగులో వేసి తాళం పెట్టింది. ఆమె గడుసుది.

రెండు వారాల తర్వాత కొత్త నర్సులు ఇద్దరు వచ్చి మా బెంచీ మీద కూర్చున్నారు. మొదటి పేజీ చదివి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకతె, ఈ పెద్దావిడ ఎవరో ఇప్పుడు ఎక్కడున్నారు అని సిస్టరును అడిగింది. "మీకు టీ పోస్తా ఉండాది" అంది సిస్టరు. ఆ పిల్ల గ్లాసు చటుక్కున వెనక్కి తీసుకోబోయింది. నేను మాత్రం టీ పూర్తిగా పోశాను.

అదే రోజు మధ్యాహ్నం ఒక పిల్ల పొట్ట పట్టుకుని వచ్చింది. ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. మరునాడు లెక్కల టెస్టు, ఈ పిల్లకు లెక్కలంటే హడలు. నిరుడు కూడా ఇట్లాగే వచ్చింది. నేను లేచాను.

"ఏం లేదులే సిస్టరమ్మా, ఈ పిల్ల సంగతి నాకు తెలుసు..."

"ఆయమ్మా, స్వల్ప పక్కకు జరుగు" అంది సిస్టరు.

కొత్త వాళ్లిద్దరి ముందే అంది. నా వైపు చూడను కూడా లేదు. పిల్లను పడుకోబెట్టి, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, పొట్ట మీద పెట్టింది. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టింది. కొత్త వాళ్లు ముందుకు వంగి చూస్తున్నారు. నేను గోడ దాకా జరిగాను. ఈమె ఇంక ఎక్కడికీ పోదు అని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

పది నిమిషాలు చూసింది. జ్వరం లేదు, నడిపిస్తే బాగా నడిచింది, ఎక్కడ నొక్కినా నొప్పి లేదు. గంట ఆగి మళ్లీ చూసింది. చివరికి పిల్ల ఏడుస్తూ లెక్కల టెస్టు సంగతి చెప్పింది.

నేను చెప్పిందే నిజమైంది. అయినా నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ గదిలో నేను చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది అదే.